ఆకాశమా, ముఖమా: పొద్దుగూకే వేళ కుటుంబ ఫోటోల కథ

వెనక ఎర్రబారిన ఆకాశం, ముందు తాతయ్య, నాయనమ్మ, కొడుకులు, కోడళ్లు, పిల్లలు. మబ్బు అంచున మెరిసే గీత ఎంత స్పష్టంగా ఉంటుందో నాయనమ్మ ముక్కుపుడకా అంతే స్పష్టంగా ఉంటుంది. ఇప్పుడు ఓ మాదిరి ఫోన్ ఏది తీసినా ఇలాంటి ఫోటోయే వస్తుంది. ఫోటోగ్రఫీ తెలిసినవాళ్లలో కొందరు దీన్ని చూసి పెదవి విరుస్తారు. కెమెరా ఒక్కసారిగా చూసింది ఇది కాదనీ, సాఫ్ట్‌వేర్ ఆకాశాన్ని ఒకలా, ముఖాలను మరోలా దిద్ది అతికించిందనీ, ఫిల్ము రోజుల నిజాయితీ పోయిందనీ వాళ్ల ఫిర్యాదు. అందులో మొదటి సగం నిజమే. రెండో సగానికి మాత్రం చరిత్రలో ఆధారం దొరకదు. అస్తమించే సూర్యుడికి వీపు పెట్టి నిలబడ్డ మనుషుల ముఖాలూ, వాళ్ల వెనక ఆకాశమూ ఒకే కాగితం మీద చక్కగా కనబడ్డాయంటే, దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు రెండో నెగటివ్‌నో, రెండో దీపాన్నో, కుంచెనో మధ్యవర్తిగా తెచ్చారనే అర్థం. ఈ మధ్యవర్తిత్వం 1850ల నుంచీ నడుస్తోంది. ఫోన్ దానికి తాజా వారసుడే తప్ప సంప్రదాయాన్ని చెడగొట్టినవాడు కాదు. ఫిర్యాదు చేయాల్సిన విషయం నిజంగానే ఒకటుంది, కానీ అది వేరేచోట ఉంది.

చిక్కు ఎక్కడ పుడుతుందో ముందు చూద్దాం. సూర్యుడు వెనక ఉన్నప్పుడు ముఖాల మీద నేరుగా ఎండ పడదు. ఎదుటి వైపు తూర్పు ఆకాశం నుంచి వచ్చే పలచటి వెలుగే వాటికి దిక్కు. ఆ వెలుగులో కనబడే ముఖానికీ వెనక మండుతున్న పడమటి ఆకాశానికీ కాంతిలో తేడా పదుల రెట్లు ఉంటుంది. సూర్యబింబం కూడా ఫ్రేములో ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. రంగుల స్లైడు ఫిల్ము సుమారు ఐదు స్టాపుల తేడాను (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపవుతుంది), అంటే 32 రెట్లను మాత్రమే వివరాలు పోకుండా పట్టుకోగలదు. నెగటివ్ ఫిల్ము ఇంకాస్త ఓర్చుకుంటుంది గానీ, అది పట్టుకున్నదంతా ప్రింటు కాగితం మీదికి రాదు. కాబట్టి ఆకాశానికి సరిపడా వెలుగు లోపలికి రానిస్తే మనుషులు నల్లని ఆకారాలుగా మిగులుతారు. ముఖాలకు సరిపడా రానిస్తే ఆకాశం తెల్లకాగితమవుతుంది. మన అక్షాంశాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు, బింబం మునిగిన పాతిక నిమిషాలలోపే పనికొచ్చే సంధ్య వెలుగు అయిపోతుంది. ఉత్తర ఐరోపా వేసవిలోలాగా గంటల తరబడి సాగదు. వేసుకున్న లెక్క రెండు మూడు నిమిషాలకే పాతబడిపోతుంది.

తొలి తరం ఫోటోగ్రాఫర్లకు ఇది ఇబ్బంది స్థాయి దాటి అసాధ్యంగానే ఉండేది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన కొలోడియన్ పద్ధతిలో గాజు పలక నీలి కాంతికే బాగా స్పందించేది, ఎరుపును దాదాపు గుర్తించేది కాదు. పగటి పూట నీలాకాశం ఆ పలక మీద అతిగా పండి తెల్లగా మాసిపోయేది. పొద్దుగూకే వేళ దీనికి తలకిందులు. మన కంటికి వైభవంగా తోచే ఆ ఎరుపు, నారింజ కాంతి పలకకు చీకటితో సమానం. 1857 ప్రాంతంలో ఫ్రాన్సు దక్షిణ తీరంలోని సెత్ దగ్గర ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే తీసిన సముద్ర దృశ్యాలు అప్పట్లో లండన్‌లోనూ పారిస్‌లోనూ జనాన్ని అబ్బురపరచాయి. మబ్బులూ అలలూ రెండూ ఉన్న ఫోటోలు అంతకుముందు వాళ్లకు తెలియవు. వాటిలో కొన్నింటిని ఆయన సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి మరొకటి తీసి, క్షితిజరేఖ దగ్గర అతుకు కనబడకుండా ఒకే కాగితం మీద ముద్రించాడు. పద్ధతి వ్యాపించాక మబ్బుల నెగటివ్‌లను విడిగా పోగుచేసి పెట్టుకోవడం వృత్తిలో మామూలైపోయింది. ఒకే మబ్బు వేర్వేరు ఊళ్ల మీద తేలుతూ కనబడితే అప్పటి విమర్శకులు ఎగతాళి చేసేవారు. 1858లో ఇంగ్లండు ఫోటోగ్రాఫర్ హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివ్‌లతో ఒక కుటుంబాన్నే కూర్చాడు. క్షయతో కొనప్రాణంతో ఉన్న అమ్మాయి, పక్కన ఇద్దరు స్త్రీలు, కిటికీ వైపు తిరిగి నిలబడ్డ మగమనిషి, కిటికీ అవతల మబ్బు కమ్మిన ఆకాశం. ‘ఫేడింగ్ అవే’ అనే ఆ చిత్రంలో ఉన్నవాళ్లు నటించినవాళ్లే. కొందరికి ఆ విషయం మరీ బాధాకరంగా తోచింది, ఇంకొందరికి అతుకుల పద్ధతి మోసమనిపించింది. నేడు ఫోన్ మీద వినబడే ఫిర్యాదు అక్షరాలా ఆనాటిదే. ముఖానికీ ఆకాశానికీ రాజీ కుదిర్చిన తొలి ప్రసిద్ధ కుటుంబ దృశ్యం కత్తెర పని అన్న సంగతి మరిచిపోయినవాళ్లే ఫిల్ము నిజాయితీ గురించి ఎక్కువ మాట్లాడతారు.

ఇదంతా మనకు దూరదేశపు సంగతి కాదు. తీరాంధ్ర అప్పట్లో భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఫోటోగ్రాఫిక్ సొసైటీ 1856లోనే ఏర్పడింది. అదే ఏడు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫోటోగ్రాఫర్‌గా నియమితుడైన లినేయస్ ట్రైప్ దక్షిణాది గుళ్లనూ కోటలనూ కాగితపు నెగటివ్‌ల మీద చిత్రీకరించాడు. అంతకుముందు 1855లో బర్మాకు వెళ్లిన బృందంతో పాటు వెళ్లి తీసినవీ ఉన్నాయి. ఆయన నెగటివ్‌లను తర్వాతి కాలంలో పరిశీలించినవారు గుర్తించిన విషయం ఏమిటంటే, బోసిగా తెల్లబోయిన ఆకాశాల్లో ఆయన రంగు పూసి మబ్బులు సృష్టించేవాడు. ట్రైప్ సైనికాధికారి, పని చేసింది సర్కారు రికార్డు కోసం. కళాకారుడి స్వేచ్ఛ కోరాల్సిన అవసరం ఆయనకు లేదు. అయినా ఆకాశాన్ని ఖాళీగా వదిలేస్తే చూసింది చూసినట్టు చెప్పినట్టు కాదని ఆయన భావించి ఉండాలి. కంటికి కనబడిన మబ్బు నెగటివ్ మీద పడలేదు కాబట్టి, దాన్ని చేత్తో తిరిగి పెట్టడం ఆయన దృష్టిలో అబద్ధం కాకపోగా దిద్దుబాటు. ఈ తర్కాన్ని కాదనడం తేలిక కాదు.

అయితే ట్రైప్ ముందున్నవి రాళ్లు, కదలవు. కుటుంబాలు కదులుతాయి, అందులో పసిపిల్లలు ఉంటారు. అందుకే చాలాకాలం కుటుంబం ఫోటో అంటే స్టూడియో ఫోటోయే. పైకప్పులో గాజు పలకలు, ఉత్తరం వైపు వెలుగు, దాన్ని తగ్గించీ పెంచీ సర్దే తెరలు, వెనక బట్ట మీద చిత్రించిన తోట, మెట్లు, మబ్బులు. నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్‌గా చేరి రాజా బిరుదు పొందిన లాలా దీన్ దయాళ్ సికింద్రాబాదు స్టూడియో ఈ పద్ధతికి మన దగ్గరి గొప్ప ఉదాహరణ. 1892లో ఆయన హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఇంటి ఆడవాళ్లతో సహా కుటుంబం ఆరుబయట కెమెరా ముందు నిలబడడం అప్పటి పెద్దింటి మర్యాదకు పొసగని పని కూడా అన్నమాట. మామూలు ఇళ్లలో భయాలు వేరు. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందనేవారు. ఇక పొద్దుగూకే వేళ మరీను. అసుర సంధ్య అని పిల్లల్ని వాకిట్లోంచి లోపలికి పిలిచి దీపం పెట్టే సమయమది. గోధూళి లగ్నానికి పెళ్లి చేసేవారేమో గానీ, గోధూళిలో కుటుంబాన్ని వరసగా నిలబెట్టి బొమ్మ తీయించుకోవాలని ఎవరికీ తోచలేదు. సాయంత్రపు ఆకాశం కావాలనుకున్నవాళ్లకు స్టూడియోవాడు గీయించిన తెర ఉండనే ఉంది. ముఖానికీ ఆకాశానికీ వెలుగు చక్కగా సరితూగేది, ఎందుకంటే ఆ ఆకాశం మనుషుల వెనక నాలుగడుగుల దూరంలో వేలాడే బట్ట. ఆ బట్టను చూసి ఎవరూ మోసపోలేదు, ఎవరూ తప్పు పట్టనూ లేదు.

కుటుంబాన్ని స్టూడియో బయటికి తెచ్చింది జార్జి ఈస్ట్‌మన్ కంపెనీ. 1888లో వచ్చిన కొడాక్ కెమెరా ఖరీదు 25 డాలర్లు, లోపల 100 ఫోటోలకు సరిపడా ఫిల్ము. 1900లో వచ్చిన బ్రౌనీ ఒక్క డాలరు. పిల్లలు కూడా వాడగలరన్నది దాని ప్రచారం. పెరట్లో, వాకిట్లో, విహారయాత్రలో తీసిన కుటుంబ ఫోటో అనే కొత్త రకం వీటితోనే పుట్టింది. కానీ ఈ పెట్టె కెమెరాలతో వచ్చిన సూచనల పుస్తకాలు ఒక నియమాన్ని వేదవాక్కులా చెప్పాయి: ఫోటో తీసేవాడి వీపు సూర్యుడి వైపు ఉండాలి, తీయించుకునేవాళ్లు నిండు ఎండలో ఉండాలి. ఆ కటకాలకు, ఆ షట్టర్లకు, ఆ ఫిల్ముకు అంతకన్నా తక్కువ వెలుగు చాలదు. ఫలితంగా అర్ధ శతాబ్దం పాటు ప్రపంచమంతటా కుటుంబాల ఆల్బములు మిట్టమధ్యాహ్నపు ఎండకు కళ్లు చికిలించిన ముఖాలతో నిండిపోయాయి. మన మధ్యతరగతి ఇళ్లకు ఈ దశ ఆలస్యంగా వచ్చి ఆలస్యంగానే పోయింది. 120 రోల్ ఫిల్ముకు పన్నెండు ఫోటోలిచ్చే అగ్ఫా క్లిక్ త్రీలో ఎండకూ మబ్బుకూ తప్ప సర్దుబాటు పెద్దగా లేదు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుంచి తయారుచేసిన ‘ఇందు’ బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము దానిలో వేసినా సూర్యాస్తమయం దాని శక్తికి మించిన పని. అంటే ఆనాటి ఆల్బములో సంధ్యవేళ ఫోటో లేకపోవడం నిజాయితీకి గుర్తేమీ కాదు, అశక్తతకు గుర్తు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే చాలా అపోహలు పుట్టాయి.

మరి శాస్త్రం ఏం చేసింది? 1890లో ఇంగ్లండులో ఫెర్డినాండ్ హర్టర్, వీరో డ్రిఫీల్డ్ అనే ఇద్దరు రసాయన నిపుణులు ఎక్స్‌పోజర్‌కూ, అంటే లోపల పడే వెలుగు మోతాదుకూ, నెగటివ్ నలుపుకూ ఉన్న సంబంధాన్ని కొలిచి గీతగా గీసి చూపించారు. అంతదాకా చేతివాటం అనుకున్నది లెక్క అయింది. 1932లో వెస్టన్ కంపెనీ కాంతి విద్యుత్ మీటరు తెచ్చింది, 1938లో కొడాక్ తనంతట తానే ఎక్స్‌పోజర్ సర్దుకునే కెమెరాను అమ్మకానికి పెట్టింది. మీటరుకు మాత్రం ఒక మౌలికమైన గుడ్డితనం ఉంది. ఎదుట ఉన్నదంతా సగటున ఒక మధ్యరకం బూడిద రంగు అని అది అనుకుంటుంది. సూర్యుణ్ని చూసి బెదిరి షట్టరును బిగిస్తుంది, ముఖాలు నల్లబడతాయి. 1983లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఏ కెమెరా దృశ్యాన్ని ఐదు భాగాలుగా విడదీసి, వేల ఫోటోలను పరిశీలించి ముందుగా రాసిపెట్టుకున్న నియమాలతో పోల్చి, ఇది వెనక వెలుగున్న దృశ్యమని ఊహించే ప్రయత్నం చేసింది. అంటే ఫలానా రకం దృశ్యంలో ముఖానికి ప్రాధాన్యమివ్వాలన్న మనిషి అభిప్రాయం యంత్రంలోకి ఎక్కడం ఫోన్లతో మొదలవలేదు. ఫిల్ము కెమెరాలోనే, నలభై ఏళ్ల కిందటే మొదలైంది.

అసలు పరిష్కారం మీటరులో లేదు, దీపంలో ఉంది. 1887లో జర్మనీలో అడాల్ఫ్ మీతే, యోహానెస్ గేడికే మెగ్నీషియం కలిపిన ఫ్లాష్ పొడి తయారుచేశారు. పొగ, భగ్గుమనే మంట, కాలిన కనురెప్పలు. ఇంట్లోనే కష్టం, బయట ఎవరు వాడతారు? 1929లో జర్మనీలోనే గాజు బల్బులో మండే ఫ్లాష్ వచ్చాక, షట్టరుతో పాటే అది వెలిగేలా జతచేయడం కుదిరాక, ఎండలో కూడా ఫ్లాష్ వేసే పద్ధతి పత్రికల ఫోటోగ్రాఫర్లకు పట్టుబడింది. వెనక సూర్యుడు, ముందు బల్బు. ఇందులోని చమత్కారం ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌తో పూర్తిగా తేటపడింది. ఫ్లాష్ మెరిసేది సెకనులో వెయ్యో వంతో అంతకన్నా తక్కువో. అందువల్ల షట్టరు ఎంతసేపు తెరిచి ఉన్నా ముఖం మీద పడే ఫ్లాష్ మోతాదు మారదు. అది కటకం తెరిపినీ దూరాన్నీ బట్టి ఉంటుంది. ఆకాశం మోతాదు మాత్రం షట్టరు వేగంతో పెరుగుతుంది, తగ్గుతుంది. కాబట్టి ఫోటోగ్రాఫర్ చేతిలో ఇప్పుడు రెండు వేర్వేరు కుళాయిలున్నాయి, ఒకటి ముఖానికి, ఒకటి ఆకాశానికి. ముందు ఆకాశాన్ని కొలిచి దానికి ఒక స్టాపు తక్కువ ఇవ్వడం, తర్వాత ముఖాలకు సరిపడా ఫ్లాష్ వేయడం, వెలుగు తగ్గుతున్నకొద్దీ షట్టరు వేగం మాత్రం తగ్గించుకుంటూ పోవడం అన్న క్రమం దీనితోనే స్థిరపడింది. పైగా పొద్దుగూకే వేళ వెలుగు తగ్గి ఉండడం ఇక్కడ మేలు చేస్తుంది. సెకనులో అరవయ్యో వంతుకు మించి ఫ్లాష్‌తో కలిసి పనిచేయని ఆనాటి కెమెరాలు మధ్యాహ్నం తడబడేవి, సాయంత్రం హాయిగా నడిచేవి. 1975లో ఒలింపస్ ఓఎం-2 ఫిల్ము మీద పడే కాంతిని లోపలే కొలిచి ఫ్లాష్‌ను సరైన క్షణంలో ఆపేసే ఏర్పాటు తెచ్చింది. ఇక చేతి లెక్కల అవసరం కూడా తగ్గిపోయింది.

ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే, ఫ్లాష్ వేసిన సంధ్యవేళ ఫోటో ఎంత అసహజమైనదో తెలుస్తుంది. ముఖం మీది వెలుగు అక్కడ లేనిది. అది వచ్చిన దిక్కున సూర్యుడు లేడు. దాని రంగు మధ్యాహ్నపు ఎండ రంగు, చుట్టూ ఉన్నదేమో కుంకుమ వెలుగు. అందుకే ఫ్లాష్ ముఖాలు పాలిపోయి, దృశ్యం ముందు అతికించిన బొమ్మల్లా కనబడేవి. అనుభవజ్ఞులు ఫ్లాష్ మీద నారింజ రంగు జెల్ కాగితం చుట్టి ఆ అతుకును దాచేవారు. ఇంత చేసిన ఫోటోను అబద్ధమని ఎవరూ అనలేదు. పనితనమన్నారు. సినిమాలోనూ అంతే. మాయాబజార్ (1957)లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ సృష్టించిన వెన్నెలను తెలుగు ప్రేక్షకులు ఇప్పటికీ మెచ్చుకుంటారు. 1978లో వచ్చిన ‘డేస్ ఆఫ్ హెవెన్’ సినిమాకు ఛాయాగ్రాహకుడు నెస్తర్ అల్మెండ్రోస్ దీనికి పూర్తిగా వ్యతిరేక దారి పట్టి, చాలా దృశ్యాలను సూర్యుడు మునిగాక మిగిలే కొద్ది నిమిషాల వెలుగులోనే తీసి ఆస్కార్ అందుకున్నాడు. సూర్యుడు మునిగాక ఆకాశానికీ ముఖానికీ తేడా తనంతట తానే తగ్గుతుంది కాబట్టి అది సాధ్యమైంది. ఓపిక ఉన్నవాళ్లకు దీపం లేకుండా దొరికే దారి అది. కానీ పసిపిల్లలతో, మోకాళ్ల నొప్పుల తాతయ్యతో ఆ పాతిక నిమిషాల కోసం కాచుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు.

రంగుల నెగటివ్‌లూ 1980ల్లో మినీ ల్యాబులూ వచ్చాక మన ఇళ్లలోనూ సాయంత్రపు ఫోటోలు కనబడసాగాయి. అక్కడా ఒక మూడో చెయ్యి ఉంది. ప్రింటింగు యంత్రాలు కొడాక్‌కు చెందిన రాల్ఫ్ ఎవాన్స్ పేటెంటు తీసుకున్న సూత్రాన్ని అనుసరించేవి: ఏ ఫోటోలోనైనా రంగులన్నీ కలిపితే బూడిద రంగు రావాలి. ఫోటో అంతా నారింజ రంగే అయితే యంత్రం దాన్ని లోపమనుకుని నీలం కలిపి చల్లార్చేది. అస్తమయం ప్రింటులో వెలవెలబోయేది. వెనక చీకటి ఎక్కువగా ఉంటే సగటు తగ్గిందని ప్రింటును తేలిక చేసి ముఖాలను సున్నం కొట్టినట్టు చేసేది. ఆపరేటరు మీట నొక్కి సరిచేస్తే సరే, లేకపోతే లేదు. ఫిల్ము ఫోటో అంటే చూసింది చూసినట్టు వచ్చేదని గుర్తుపెట్టుకున్నవారు ల్యాబు కుర్రాడి బొటనవేలిని మరిచిపోతున్నారు.

ఇక్కడ భూగోళం గురించి కూడా ఒక మాట చెప్పాలి. సముద్రంలోకి దిగే సూర్యుడు, ఒడ్డున కుటుంబం అనే నమూనా కాలిఫోర్నియా, గోవా వంటి పడమటి తీరాలది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు పసిఫిక్ ఒడ్డున అది సహజంగానే దొరుకుతుంది. మన కోస్తా తూర్పుకు తిరిగి ఉంది. విశాఖ రామకృష్ణా బీచిలో సాయంత్రం సముద్రానికి వీపు పెట్టి నిలబడితే పడమటి వెలుగు ఎదురుగా ముఖాల మీదికే వస్తుంది, వెనక సముద్రం మీద లేత గులాబీ పట్టీ ఉంటుంది. అక్కడ ముఖానికీ ఆకాశానికీ తగాదాయే లేదు. తగాదా ఉన్నది సూర్యుడు నీళ్లవతల దిగే చోట్ల: రాజమహేంద్రవరం గట్టు మీద, ఊరు గోదావరికి తూర్పున ఉంది కాబట్టి, హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద, గట్టు హుస్సేన్ సాగర్‌కు తూర్పున ఉంది కాబట్టి. విశాఖలో ప్రకృతి ఉచితంగా ఇచ్చే దాన్నే ట్యాంక్‌బండ్ మీద మనం సాధనంతో సంపాదించుకుంటున్నాం. ఒకటి నిజం, రెండోది నకిలీ అని తేల్చడం నా దృష్టిలో అర్థం లేనిది.

ఫోన్ చేసే పని ఇక తేలిగ్గా అర్థమవుతుంది. వేర్వేరు మోతాదుల వెలుగును ఒకే బొమ్మలో కలపాలన్న దాని ఆలోచన కూడా కొత్తది కాదు. 1950ల్లో అణు విస్ఫోటనాలను చిత్రించడానికి చార్లెస్ వైకాఫ్ వేర్వేరు సున్నితత్వాలున్న పొరలను ఒకే ఫిల్ముపై పరిచాడు. 1990ల్లో స్టీవ్ మాన్, పాల్ డెబెవెక్ వంటి పరిశోధకులు వేర్వేరు ఎక్స్‌పోజర్లను లెక్కగట్టి కలిపే దారులు చూపించారు. 2010లో ఐఫోన్‌లో మూడు ఎక్స్‌పోజర్లను కలిపే సదుపాయం వచ్చింది. గూగుల్ పద్ధతి ఇంకోరకం. ఆకాశం తెల్లబోకుండా తక్కువ వెలుగుతో వరసగా అనేక ఫ్రేములు తీసి, వాటిని కలిపి గరుకుదనం తగ్గించి, చీకట్లో ఉన్న ముఖాలను పైకి తెస్తుంది. దీనికి అడ్డంగా వచ్చే గట్టి వాదన ఒకటుంది: లె గ్రేకు, ట్రైప్‌కు, ఫ్లాష్ వేసినవాడికి తాను ఏం కలుపుతున్నాడో తెలుసు, ఫోన్ పట్టుకున్నవాడికి తెలియదు. ఇది ఒప్పుకోవాల్సిన తేడాయే. కానీ అది ఫోటో నిజమా కాదా అన్నదాన్ని మార్చదు, బాధ్యత ఎవరిదన్నదాన్ని మారుస్తుంది. ఇంకో వాదన, నల్లని ఆకారాలుగా వదిలేయడమే నిజాయితీ అని. అక్కడ నిలబడి చూసిన ఏ మనవడికీ తాతయ్య నల్లని ఆకారంగా కనబడలేదు. కన్ను ఆకాశం వైపు తిరిగినప్పుడు ఆకాశానికి, ముఖం వైపు తిరిగినప్పుడు ముఖానికి సర్దుకుంటుంది. మనసు ఆ చూపులన్నిటినీ కలిపి ఒకే దృశ్యంగా దాచుకుంటుంది. అలాగని ఆ నల్లని ఆకారం వికారమనేమీ కాదు. అదీ ఒక ఎంపిక, చాలాసార్లు అందమైన ఎంపిక. కెమెరా బలహీనతను కంటి సాక్ష్యంగా చూపించకూడదనే చెబుతున్నాను.

బాధ్యత ప్రశ్న పదునెక్కేది ముఖం రంగు దగ్గర. ముఖాన్ని చీకట్లోంచి పైకి తేవాలి సరే, ఎంతవరకు? ఈ జవాబు ఎప్పుడూ తటస్థంగా లేదు. నీలానికే స్పందించే పాత పలక చామనఛాయను ఉన్నదానికన్నా నల్లగా చూపేది. దానికి విరుగుడుగా స్టూడియోల్లో నెగటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసి ముఖాలను తెల్లబరచడం వృత్తి ధర్మమైపోయింది. కొడాక్ ల్యాబులకు పంపిన రంగుల నమూనా కార్డుల మీద దశాబ్దాల తరబడి ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖమే. ప్రపంచంలోని చర్మాలన్నీ ఆ ముఖానికి సరిపెట్టిన యంత్రాల మీదే ప్రింటయ్యాయి. 2021లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో నల్లని, గోధుమ రంగు చర్మాలను సరిగా చూపే సవరణలు చేశామని ప్రకటించిందంటే, అప్పటిదాకా సరిగా చూపలేదని ఒప్పుకున్నట్టే. మన దగ్గర ప్రీ వెడ్డింగ్ షూట్లలో, కుటుంబ షూట్లలో ముఖాలను తెల్లబరిచే ఈ రోగం ముదిరింది. గోదావరి మీద పొద్దు నిజంగానే కుంకుమ రంగులో ఉంటుంది, దాని ముందు నిలబడ్డ ఆరుగురూ ఒకే పాలమీగడ రంగులో ఉంటారు. ఆ వెలుగులో అంత తెల్లని ముఖం ఉండడానికి వీల్లేదు. చామనఛాయ ముఖం సంధ్య కాంతిలో రాగి రంగుకు తిరుగుతుంది, అదే ఆ వేళ ఇచ్చే అందం. నూటడెబ్బై ఏళ్ల మధ్యవర్తిత్వంలో నాకు కనబడే అసలైన మోసం ఇదొక్కటే, దాన్ని చేయించేది యంత్రం కన్నా ఎక్కువగా మనమే.

కాబట్టి ఫోటోగ్రాఫర్‌కు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే రెండు మాటలు చెప్పి పెట్టుకోండి. ఆకాశానికీ ముఖాలకూ వెలుగు ఎలా కుదురుస్తారో అది వాళ్ల ఇష్టం, ఫ్లాషయినా రిఫ్లెక్టరయినా కంప్యూటరయినా. మా ఇంటివాళ్ల రంగు మాత్రం మార్చవద్దు.